సర్పంచ్ తోటలోకి బ్రౌనీ

ఆటోలోంచి మొదట కుక్క దిగింది, తరవాత బట్టల సంచి, చివరగా షాలోమి. ఆ వరుస చూడగానే సుసన్నాకు సంగతి సగం అర్థమైంది. చెల్లెలు మైలవరం నుంచి ఆగిరిపల్లి దగ్గరున్న ఈ మామిడి తోటకు ఎప్పుడు వచ్చినా ముందుగా ఫోన్ చేసేది. ఆమె భర్త సంతోష్ కుమార్ బండి మీద తెచ్చి గేటు దగ్గర దింపి వెళ్ళేవాడు. ఈసారి ఫోనూ రాలేదు, భర్తా రాలేదు. ఏప్రిల్ ఎండలో షాలోమి పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, కొంగు మెడ చుట్టూ తిప్పుకుని ఉంది.

మిగతా సగం అడిగి తెలుసుకునే వ్యవధి లేకపోయింది. అప్పటికే సర్పంచ్ గేటు దగ్గరికి వచ్చేసింది.

సర్పంచ్ ఆ తోట కుక్క. నల్లటి ఒళ్ళు, తెల్లటి పాదాలు. ప్రతి చెట్టు మొదట్లోనూ ఆగి, వాసన చూసి, ఏదో తీర్మానం చేసినట్టు తల ఎగరేసి ముందుకు సాగే దాని నడక చూసి కాయలు కోసే కూలీలు ఆ పేరు పెట్టారు. తల్లి లారీ కింద పడి చచ్చిపోతే, కళ్ళు కూడా తెరవని ఆ కూనను సుసన్నా సీసాతో పాలు పట్టి బతికించింది. ఇప్పుడది గేటు ఊచల మధ్య మూతి దూర్చి గుర్రుమంటోంది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అవతలి గోధుమరంగు కుక్క వెనక్కి తగ్గలేదు. షాలోమి మోకాళ్ళకు అడ్డంగా నిలబడి అదీ పళ్ళు చూపించింది.

వసారాలో మంచం మీద కూర్చున్న సుసన్నా అత్తగారు దయామణి అక్కడి నుంచే కేకేసింది. "ఏంటే ఆ గోల? మీ చెల్లెలా? కుక్కని కూడా తోలుకొచ్చిందేంటి? మైలవరంలో కుక్కలకి సెలవులిచ్చారా?"

బ్రౌనీ అనే ఆ కుక్కను కాయల షెడ్డులో కట్టేసి, సర్పంచ్‌ను పెరట్లోకి తోలి గడియ పెట్టాక గానీ అక్కచెల్లెళ్ళు వంటింట్లో కూర్చోలేకపోయారు. షాలోమి ఏడవలేదు. ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"ముందు తలుపు తంతాడక్కా. ఏ తలుపైనా సరే. ఢామ్మని మోగుద్ది. అది మోగిందంటే నా పని మొదలైనట్టే. ఆ మోత వింటే బ్రౌనీ ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేస్తది, నా దగ్గరికి. పోయిన నెల అతని మణికట్టు పట్టుకుంది. అప్పట్నుంచీ నా మీద చెయ్యెత్తలేదు."

"ఇన్నాళ్ళూ నాకొక్క మాట చెప్పలేదేంటే?"

"చెప్తే ఏం చేసేదానివి?"

షాలోమి జవాబు కోసం ఆగలేదు. సంతోష్ కుమార్‌ది పురుగుమందుల షాపు. కిందటి సాయంత్రం అతను ఒక పొట్లంలో మాంసం తెచ్చి కుక్క పళ్ళెంలో వేశాడు. ఆ కుక్క ఇంటికి వచ్చిన నాటి నుంచీ అతను దానికి ఎంగిలి మెతుకు కూడా పెట్టి ఎరగడు. అందుకే అనుమానం వచ్చి షాలోమి పళ్ళెం తీసి గోడ అవతల గుమ్మరించింది. పొద్దున అక్కడ కాకులు చచ్చి పడి ఉన్నాయి. ఆమె సంచి సర్దుకుని, కుక్క మెడకు తాడు కట్టి, ఆటో ఎక్కింది.

సుసన్నా భర్త చార్లెస్ మెత్తని మనిషి. మరదలి మాట విని తల వంచుకుని, "చూద్దాంలే అమ్మా" అన్నాడు. చూడవలసిన మనిషి తాను కాదన్నట్టు తల్లి వైపు చూశాడు. తోట దయామణి పేరున ఉంది. చెట్లలో సగం ఆమె స్వయంగా కుండలతో నీళ్ళు మోసి పెంచినవి.

"మనిషికి అన్నం పెడతాం, అది దేవుడు మెచ్చే పనే," అన్నది దయామణి. "కుక్క సంగతి వేరు. కాయ మీదున్నాం. ఈ తోటకి సర్పంచ్ గాడున్నాడు కాబట్టి నాలుగు కాయలు మిగుల్తున్నాయి. వాడి మనసు చెడిందంటే కోతులు మనకి టెంక కూడా ఉంచవు. ఇద్దరూ కలిసి ఉంటే నాకే అభ్యంతరం లేదు. కలవకపోతే ఆ పట్నం కుక్క పోవాల్సిందే."

ఆ మాటలో కాఠిన్యం ఉందేమో గానీ అన్యాయం లేదు. చుట్టుపక్కల గుట్టల మీద చెట్లు పోయిన తరవాత కోతులు గుంపులుగా తోటల మీద పడటం మొదలైంది. పిందె దశ నుంచి కోత దాకా రైతుకు నిద్ర లేదు. ప్రతి తోటలోనూ వాటిని బెదరగొట్టడానికి కార్బైడుతో పేల్చే ప్లాస్టిక్ గొట్టపు గన్ను ఉంటుంది. తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా ఏదో ఒక తోటలో అది పేలుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ మోతకు అదిరిపడతారు. తోటవాళ్ళు నోట్లో ముద్ద నమలడం కూడా ఆపరు. షాలోమి మొదటిరోజంతా ఉలిక్కిపడుతూనే ఉంది. అయితే గ్లాసు కింద పెట్టిన చప్పుడుకూ ఉలిక్కిపడుతోంది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వారంలోనే సంతోష్ కుమార్ వచ్చాడు. గేటు బయట బండి ఆపి, ఇంజను ఆపకుండా హారను కొట్టాడు. చార్లెస్ గేటు దాకా వెళ్ళి, "లోపలికి రా తమ్ముడూ, ఎండలో ఎందుకు" అన్నాడు. అది విన్న షాలోమి షెడ్డులోకి వెళ్ళి బ్రౌనీ తాడు విప్పి పక్కన నిలబెట్టుకుంది. సంతోష్ కుమార్ కుక్కను చూశాడు, బండి దిగలేదు.

"ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం మా చర్చి సంఘం పెద్ద సవరయ్యగారిని తీసుకొస్తా అన్నయ్యగారూ," అన్నాడు, ఎంతో మర్యాదగా. "ఆయన ముందు మాట్లాడుకుందాం. కుక్కల మధ్య సంసారం గురించి మాట్లాడుకుంటే బావుండదు కదండీ."

బండి మలుపు తిరిగి వెళ్ళాక షాలోమి అక్క వైపు చూసి అన్న మాట సుసన్నా గుండెలో ముల్లులా దిగిపోయింది. "చూశావా? బావగారు లోపలికి రమ్మన్నారు. అత్తయ్యగారు మంచినీళ్ళు ఇవ్వమన్నారు. నువ్వు వంటింటి గుమ్మం దాటలేదు. అతనికి అడ్డంగా నిలబడింది ఇదొక్కటే."

కాబట్టి చెయ్యవలసింది ఒకటే ఉంది: ఆదివారం లోపల ఆ రెండు కుక్కల మధ్య సంధి కుదర్చాలి. బ్రౌనీ పోతే షాలోమికి ఈ గేటు గేటే కాదు. ఆదివారం సవరయ్యగారు రెండు మంచి మాటలు చెబుతారు, చార్లెస్ తల ఊపుతాడు, దయామణి పసుపూ కుంకుమా అనకపోయినా దేవుడు జతపరచినవాళ్ళను మనుషులు విడదీయకూడదని అంటుంది, షాలోమి బండి వెనక ఎక్కి వెళ్ళిపోతుంది. ఆ తలుపులన్నీ మళ్ళీ మోగుతాయి. ఈసారి పరిగెత్తుకొచ్చేది ఎవరూ ఉండరు.

సుసన్నా కాలేజీలో జంతుశాస్త్రం చదివింది. ఏ ప్రాణి చేసే ఏ పనికైనా ముందు ఒక కారణం ఉంటుందని నమ్మే మనిషి. ఆ నమ్మకంతోనే పని మొదలుపెట్టింది. సర్పంచ్ పడుకునే గోనెపట్టా తీసి షెడ్డులో వేసింది, బ్రౌనీ పడుకున్న గడ్డి తెచ్చి సర్పంచ్ మూలన పరిచింది. ఒకదాని వాసన మరొకదానికి అలవాటు కావాలని. రోజూ తెల్లవారకముందే తాను సర్పంచ్‌నూ, షాలోమి బ్రౌనీనీ తాళ్ళతో పట్టుకుని, మధ్యలో ఒక వరుస చెట్లు ఉంచి నడిపించారు. మొదట రెండూ తాళ్ళు తెంచుకోబోయాయి. తరవాత గుర్రుమనడం మిగిలింది. ఆ తరవాత అదీ తగ్గింది. ఎడం తగ్గించుకుంటూ వచ్చి చివరికి ఒకే దారిలో పక్కపక్కనే నడిపించారు. పళ్ళేలు దూరంగా పెట్టి, రోజురోజుకూ దగ్గరికి జరిపారు.

"ఈ శ్రద్ధ కోడలుగా వచ్చిన కొత్తలో నా మీద చూపిస్తే మనిద్దరికీ ఎప్పుడో కలిసేది," అన్నది దయామణి వసారాలోంచి.

"మీకు గోనెపట్టా మారిస్తే సరిపోయేది కాదు అత్తయ్యా."

ముసలామె నోరు తెరవకుండా నవ్వింది. ఒక మధ్యాహ్నం రెండు కుక్కలూ ఒకే తొట్టిలో నీళ్ళు తాగి, ఒకే రసం మామిడి చెట్టు నీడలో, కాస్త ఎడంగా పడుకున్నాయి. చార్లెస్ అటు చూసి, "సర్పంచ్ గారు తీర్మానం పాస్ చేసినట్టున్నారే" అన్నాడు. షాలోమి ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి జాకెట్టు చేతులు పైకి మడిచి, బట్టలు ఉతికి, తోట చివరి తీగ మీద ఆరవేయడానికి బకెట్టు తీసుకుని వెళ్ళింది.

ఆమె రెండో చీర దులుపుతుండగా బ్రౌనీ లేచి ఆమె వైపు పరిగెత్తింది. మరుక్షణం సర్పంచ్ బాణంలా దాని వెంట పడింది. తీగ చేరకముందే మెడ పట్టి కింద పడేసింది. అరుపు లేదు, బెదిరింపు లేదు. నేరుగా పళ్ళు దించడమే. చార్లెస్ తొట్టిలోని నీళ్ళు వాటి మీద గుమ్మరిస్తే గానీ విడివడలేదు. విడివడిన తరవాత సర్పంచ్ తోక ఊపుతూ సుసన్నా దగ్గరికి వచ్చి, ఏదో మంచి పని చేసినట్టు ముఖంలోకి చూసింది. ఆ చూపే ఆమెకు అంతుపట్టలేదు.

"అసూయే, ఇంకేముంది," అన్నాడు చార్లెస్. "ఇన్నాళ్ళూ ఇంటికి ఒక్కడే కదా."

సుసన్నా ఆ మాటనే పట్టుకుంది. అసూయ అయితే దానికో వస్తువు ఉండాలి: తిండి, నీడ, మనిషి. ఆ రోజు నుంచి సర్పంచ్‌కే ముందు అన్నం పెట్టింది, ముందు దాని తలే నిమిరింది, బ్రౌనీ వైపు కన్నెత్తి చూడలేదు. రెండూ మళ్ళీ కలిశాయి. మళ్ళీ ఒక పొద్దున, ఎదురుగా తిండీ లేదు, పక్కన మనిషీ లేదు, ఎండలో వాలి కునుకుతున్న బ్రౌనీ ఉన్నట్టుండి లేచి ఇంటి వైపు పరిగెత్తింది. సర్పంచ్ మళ్ళీ పడింది. ఈసారి బ్రౌనీ చెవి చీలిపోయింది. పశువుల డాక్టరు కుట్లు వేస్తూ, "రెంటినీ ఒకచోట ఉంచకండమ్మా, ఈసారి చెవితో పోదు" అన్నాడు.

దయామణి ఇక ఆగలేదు. "నేను చెప్పిందే చెప్తున్నా. ఆ కుక్క ఆదివారం తరవాత ఇక్కడుండకూడదు. దాని ప్రాణం కోసమే చెప్తున్నా, నా తోట కోసం కూడా చెప్తున్నా."

చార్లెస్ తనకు తోచిన ఉపకారం చేశాడు. చాట్రాయిలో మామిడి తోట ఉన్న బసవపున్నారావుకు కాపలా కుక్క కావాలని విని, ఆదివారం ట్రాలీ ఆటో తీసుకుని రమ్మని ఫోన్ చేశాడు. ఆ సంగతి మరదలికి తానే చెప్పే ధైర్యం లేక భార్య చేత చెప్పించాడు.

షాలోమి బ్రౌనీ చెవికి పసుపు రాస్తోంది. విని, చెయ్యి ఆపకుండా, "మంచి తోటేనా?" అని అడిగింది.

"మంచివాళ్ళే అంట. తిండికి లోటుండదు."

"అయితే దాని సంగతి తేలిపోయింది. ఇక నా సంగతే."

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే ఉంటావు."

"ఎట్టా అక్కా? ఆదివారం ఆయనొచ్చి చెయ్యి పట్టుకుంటాడు. విడిపించేది ఎవరు? బావగారా? పాపం ఆయన కోడిపిల్లని కూడా అదిలించరు." ఆమె నవ్వబోయి మానుకుంది. "నా గురించి నీకూ మీ అత్తయ్యగారికీ మాటా మాటా పెరగడం నాకిష్టం లేదు. పోతాను. తలుపు తన్నినప్పుడు ఎటు పరిగెత్తాలో నాకు తెలుసులే."

"ఎటు?"

షాలోమి పసుపు గిన్నె పక్కకు జరిపింది. సంతోష్ కుమార్ షాపులోని పురుగుమందులు ఇంటి వెనక గదిలోనే నిలవ ఉంచుతాడని సుసన్నాకు తెలుసు. చెల్లెలి ముఖంలో భయం కూడా లేదు.

శనివారం పొద్దున ఆమె రెండు కుక్కలనూ రెండు చెట్లకు పొట్టి తాళ్ళతో కట్టి, మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ఏం చూడాలో తెలియదు. చూడటం తప్ప చెయ్యగలిగిందీ లేదు. కుక్కలు రెండూ నాలుకలు వేలాడేసి పడుకున్నాయి. ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి గానీ వాటి కళ్ళలో పగ లేదు. ఈగలు వాలితే చెవులు కదుపుతున్నాయి. అంత మామూలుగా ఉన్నవి ఎందుకు కొట్టుకుంటాయి?

ఇంతలో చార్లెస్ తూర్పు గట్టు మీద గన్ను పేల్చాడు.

పేలిన మోత ఎప్పటిలాగే ఆమె చెవికి ఆనలేదు. కుక్కలు కదలడమే కంటికి ఆనింది. బ్రౌనీ ఒక్క ఉదుటున లేచి, ఇంట్లో ఉన్న షాలోమి వైపు లంఘించి, తాడు ఆపేస్తే బొక్కబోర్లా పడింది. సర్పంచ్ కూడా అదే క్షణంలో లేచింది; మొదట తల చెట్ల వైపు తిప్పింది, అక్కడ కోతులు కనబడలేదు, తల ఇటు తిప్పింది, పరిగెత్తబోయి పడిన గోధుమరంగు జంతువు కనబడింది, తాడు తెగేటట్టు దాని మీదికి దూకింది. రెండు తాళ్ళూ బిగుసుకుని చెట్ల బెరడు రాలింది.

సుసన్నా పీట మీద నుంచి లేవలేదు. ఆ రెండు దాడులనూ మనసులో మళ్ళీ మొదటి నుంచి నడిపించుకుంది. షాలోమి చీర దులుపుతున్నప్పుడు పక్క తోటలో గన్ను పేలి ఉంటుంది. ఎండలో కునుకుతున్నప్పుడూ పేలే ఉంటుంది. రోజంతా పేలుతూనే ఉంటుంది గదా. ఆ ఇంట్లో ఎవరికీ వినబడలేదు. ఏళ్ళ తరబడి విని విని, వాళ్ళ చెవులు ఆ మోతను గాలి కింద, ఆకుల చప్పుడు కింద జమ కట్టేశాయి.

సర్పంచ్ కూనగా ఉన్నప్పుడు చార్లెస్ దానికి నేర్పింది ఒకటే పాఠం: గన్ను పేలితే, పారిపోయే గోధుమరంగు జంతువును పట్టు. పట్టినప్పుడల్లా ఉడికించిన గుడ్డు పెట్టేవాడు. మైలవరంలో ఒక తన్నిన తలుపు బ్రౌనీకి మరో పాఠం నేర్పింది: ఢామ్మని మోగితే షాలోమి దగ్గరికి పరిగెత్తు. రెండూ మంచి కుక్కలే. అసూయ లేదు, పగ లేదు. ఒకే మోతకు రెండూ తమ తమ పనిలోకి దిగుతున్నాయి, ఒకదాని పని రెండోదాని ప్రాణం మీదికి తెస్తోంది.

చార్లెస్ గట్టు మీద నుంచి రాగానే ఆమె పరుగున వెళ్ళి వసారాలో తల్లీకొడుకులిద్దరికీ అంతా చెప్పింది. చెబుతుంటే గొంతులో సంతోషం పొంగింది. "కారణం దొరికింది అత్తయ్యా. గన్ను ఆపితే చాలు. ఇవి కొట్టుకోవు."

దయామణి ఆ మాటను తోసిపుచ్చలేదు. శ్రద్ధగా విన్నది, తల ఊపింది. అదే సుసన్నాకు మరింత కష్టమనిపించింది.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటది. సరే, మన గన్ను ఆపుదాం. కాయ పోతే పోనీ అనుకుందాం. తూర్పున పుష్పవతి వాళ్ళ గన్నో? పడమటోళ్ళదో? ఇక్కణ్ణుంచి నూజివీడు దాకా తోటలేగా. అందరి కాళ్ళూ పట్టుకుంటావా, మా ఇంటికి కుక్కొచ్చింది, మీ పంట కోతులకి వదిలెయ్యండి అని?"

"కాయ దిగేదాకానే కదా," అన్నాడు చార్లెస్, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా.

"అప్పటిదాకా బ్రౌనీని కట్టేసే ఉంచుదాం," అన్నది సుసన్నా.

"కట్టేసిన కుక్కని చూసి మీ మరిది ఆగుతాడా?" అన్నది దయామణి.

సర్పంచ్‌ను కడితే కోతులు ఆగవు. బ్రౌనీని కడితే సంతోష్ ఆగడు. రెంటినీ వదిలితే పేలబోయే తరవాతి గన్నుకు బ్రౌనీ మిగలదు. నేర్చినది మరిపించాలంటే నెలలు పట్టే పని, చేతిలో ఉన్నది ఒక్క పూట. కారణం తెలియనంతసేపూ ఎక్కడో ఒక దారి ఉందనే ఆశ ఉండేది; తెలిశాక అదీ పోయింది.

ఆదివారం ఆరాధన ముగిశాక వాళ్ళు వచ్చారు. సవరయ్యగారు తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, "వందనాలమ్మా" అని అందరినీ పేరుపేరునా పలకరించాడు. సంతోష్ కుమార్ ఇస్త్రీ చొక్కా మణికట్టు దాకా బొత్తాం పెట్టుకుని వచ్చాడు. కుక్కను కట్టేస్తేనే గేటు లోపలికి వస్తానన్నాడు కనుక బ్రౌనీని షెడ్డులో గొలుసుతో కట్టారు. సర్పంచ్‌ను పెరట్లో కట్టారు. గేటు బయట బసవపున్నారావు ట్రాలీ ఆటో అప్పటికే వచ్చి నిలబడింది. ఆయన షెడ్డులోకి తొంగిచూసి వచ్చి చార్లెస్‌తో గొణిగాడు.

"ఇదేంటండీ చార్లెస్ గారూ. కాపలా కుక్కంటే వచ్చాను. చెవికి కట్టు, కళ్ళల్లో నీళ్ళు. కోతులొస్తే ఎదురెళ్ళి కాఫీ ఇచ్చేట్టుంది."

వసారాలో మాట నడుస్తోంది. సంతోష్ కుమార్ తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడంలో అతనికి ఎలాంటి ఇబ్బందీ ఉన్నట్టు లేదు. కోపం తన బలహీనత అన్నాడు. ప్రార్థన చేస్తున్నానన్నాడు. కాకుల సంగతి సవరయ్యగారు అడగలేదు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. సుసన్నా చెప్పబోయింది గానీ, చార్లెస్ ఆమె వైపు వద్దన్నట్టు చూశాడు.

"అమ్మా షాలోమీ," అన్నాడు సవరయ్యగారు మెత్తగా, "ఇల్లన్నాక ఇద్దరూ సర్దుకోవాలి. ఆ కుక్కొక్కటీ అడ్డం. అది వేరే చోటికి పోతోందని చార్లెస్ చెప్పారు. ఇక నీకేంటమ్మా బాధ?"

షాలోమి ఆయన్ను చూసింది, చార్లెస్‌ను చూసింది, చివరికి అక్కను చూసింది. ఆ చూపులో అడగడం లేదు. లేచి లోపలికి వెళ్ళింది. సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడింది.

సుసన్నా వసారా మెట్లు దిగి బసవపున్నారావు దగ్గరికి నడిచింది. నడుస్తుండగా కూడా ఏం చెయ్యబోతోందో ఆమెకు పూర్తిగా తెలియదు.

"మీకు కావాల్సింది కోతుల్ని తరిమే కుక్కే కదండీ?"

"అంతేనమ్మా."

"అయితే ఆ షెడ్డులోది వద్దు. సర్పంచ్‌ని తీసుకెళ్ళండి."

చార్లెస్ లేచి నిలబడ్డాడు. "సుసన్నా. కాయ మీదున్నాం."

"తెలుసండీ."

"తోట నాది," అన్నది దయామణి. ఆమె గొంతు పెరగలేదు.

"తోట మీదే అత్తయ్యా. కుక్క నాది. సీసాతో పాలు పట్టింది నేను."

పెరట్లో తాడు విప్పుతుంటే సర్పంచ్ ఆమె చెయ్యి నాకింది. తనను తోట చుట్టూ తిప్పడానికి తీసుకువెళుతోందనుకుని తల ఎగరేసుకుంటూ ముందు నడిచింది. ట్రాలీ ఆటో దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఇటెందుకన్నట్టు చూసింది. ఎత్తి ఎక్కించబోయిన బసవపున్నారావుకు పళ్ళు చూపించింది. చివరికి సుసన్నాయే రెండు చేతులూ దాని పొట్ట కిందికి పోనిచ్చి ఎత్తింది. బరువుగా ఉంది. ఆమె ఎత్తుకుంటే అది కాళ్ళు సడలించి, చిన్నప్పటిలా గడ్డం ఆమె భుజం మీద పెట్టింది. తాడు ఆటో కమ్మీకి ఆమే కట్టింది. ఆమె కడితేనే అది ఊరుకుంటుంది కనుక.

"ఏం పెట్టాలమ్మా దీనికి?" అని అడిగాడు ఆయన.

"కోతిని తరిమినప్పుడు గుడ్డు పెట్టండి. తరమకపోయినా పెట్టండి."

పుష్పవతి వాళ్ళ తోటలో గన్ను పేలింది. సర్పంచ్ లేచి, తోట వైపు దూకబోయి, తాడుకు ఉరిపడ్డట్టు వేలాడింది. సుసన్నా దాన్ని ఎత్తి మళ్ళీ ఆటోలో పెట్టింది. అది ఆమెను చూడటం లేదు. చెట్లను చూస్తోంది, పని పిలుస్తున్నా పోనివ్వడం లేదని మూలుగుతోంది. ఆటో కదిలింది.

ఆ తరవాత ఆమె షెడ్డులోకి వెళ్ళి బ్రౌనీ గొలుసు విప్పి, ఆ కొస చేతికి చుట్టుకుని, వసారా ఎక్కి, షాలోమి ఉన్న గది గుమ్మంలో కింద చతికిలబడింది. కుక్క ఆమె పక్కన నిలబడింది. సంతోష్ కుమార్ కుర్చీలోంచి లేచాడు.

"వదినగారూ, లెగండి. మా ఆవిణ్ణి రానివ్వండి."

"రమ్మను. ఇట్టానే రావాలి, ఇంకో దారి లేదు."

"ఏంటిది సవరయ్యగారూ, మర్యాదగా మాట్లాడదామని వస్తే?"

సవరయ్యగారు కుక్కనూ, గుమ్మంలో కూర్చున్న మనిషినీ, సంతోష్ కుమార్ మణికట్టు దగ్గర చొక్కా బొత్తాన్నీ వరుసగా చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో ఆయన ముఖం చెప్పలేదు. "వేడి మీద వద్దులే సంతోషూ. పై ఆదివారం మళ్ళీ కూర్చుందాం," అని బైబిలు చంకలో పెట్టుకున్నాడు.

"వస్తానండీ," అన్నాడు సంతోష్ కుమార్ సుసన్నాతో. "ఎన్ని ఆదివారాలు గుమ్మంలో కూర్చుంటారో చూస్తాను."

బండి చప్పుడు వినబడనంత దూరం పోయాక కూడా సుసన్నా లేవలేదు. గదిలో షాలోమి సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. దాన్ని విప్పలేదు. "సర్పంచ్‌ని ఎందుకు పంపావక్కా," అని మాత్రం అన్నది. "ఇంతా చేస్తే ఇది ఒక్క వారమేగా."

సుసన్నా గొలుసు చేతి నుంచి విప్పి చెల్లెలికి అందించింది.

కోతులు ఎండ వాలకముందే వచ్చాయి. మొదట రెండు వచ్చి కంచె మీద కూర్చుని, ఎవరూ రాకపోవడం చూశాయి. ఆ వెనక గుంపంతా దిగింది. చార్లెస్ గన్ను పేల్చాడు. కోతులు తలలు తిప్పి చూశాయి. వెనక నల్లటి కుక్క లేని ఆ మోతకు అవి ఎంతోసేపు భయపడలేదు. లోపల బ్రౌనీ షాలోమి కాళ్ళకు చుట్టుకుని వణుకుతోంది. చిన్నరసాల చెట్టు నుంచి కొరికి పారేసిన పచ్చికాయలు టపటపా రాలడం మొదలైంది.

సుసన్నా ఇనుప పళ్ళెం, గరిటె తీసుకుని పరిగెత్తింది. కొడుతూ, అరుస్తూ ఒక చెట్టు కిందికి వెళితే అవి పక్క చెట్టు మీదికి దూకాయి. అక్కడికి వెళితే ఇక్కడికి వచ్చాయి. కొమ్మ గీరుకుని మోచేయి నెత్తురు కారింది. గొంతు పోయింది, నోరు తెరిస్తే గాలి తప్ప రావడం లేదు.

దయామణి కర్ర ఊతగా వసారా చివరికి వచ్చి నిలబడింది. కోడలిని చూసింది. తిడుతుందేమో అనుకుంది సుసన్నా. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ముసలామె కర్ర ఎత్తి కుడివైపు చూపించింది.

"అటు," అన్నది. "బావి పక్క చెట్టు మీద పడ్డాయి. అటు పో."

సుసన్నా అటు పరిగెత్తింది.